పశులక్షణ పరీక్ష: మార్కాపురము, గిద్దలూరు సీమ

పశువు రూపమును జూచి గుణమును నిర్ణయించుట మన దేశమున శాస్త్రముగాను, వృత్తిగాను రెండు త్రోవల నడచినది. శాస్త్రము పండితుల తాటాకులలో నిలిచినది; వృత్తి కాఁపుల దొడ్లలోను, గొల్లల మందలలోను నిలిచినది. ఈ రెంటికిని బొత్తు కలదా, కలదేని యెంతవఱకుఁ గలదు అను విషయము మార్కాపురము, గిద్దలూరు సీమను ఆధారముగాఁ గొని యిందు విచారింపఁబడును.

ఈ సీమ నల్లమలకుఁ దూర్పుప్రక్కనున్నది. గుండ్లకమ్మ యీ కొండలలోఁ బుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపురప్రాంతము మీఁదుగాఁ బాఱి, అద్దంకిని దాఁటి, ఒంగోలునకు సమీపమున సముద్రమును జేరుచున్నది. ఏఱు ఒకటియే యైనను నేల యొకటి కాదు. ఎగువను రాళ్లు, ఎఱ్ఱనేల, వానకఱవు. దిగువను నల్లరేగడి, జొన్నచొప్ప. అందుచేత బరువుపని చేయు నెద్దునకు దిగువసీమయు, మంద మేపునకు ఎగువసీమయు ననుకూలించినవి. పాలనమునను వీని త్రోవలు చిరకాలము వేఱుగానే యుండెను. మార్కాపురము, కంభము తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. ఒంగోలు 1904 వఱకు నెల్లూరు జిల్లాలోను, పిదప గుంటూరు జిల్లాలోను నుండెను. 1970 ఫిబ్రవరి 2వ తేదీన ఇవి యొక్క జిల్లాగాఁ గూర్పఁబడినవి. ఒంగోలు పశువునకు బ్రెజిలు దేశమున 'నెలోరె' యను పేరు నిలుచుటకు ఆ పాత జిల్లా పేరే కారణము.

ఈ రెండు నేలల నడుమ మందలు తిరుగుట ప్రాచీనాచారము. శ్రీశైలప్రాంతమునఁ గఱవు కలుగఁగాఁ గాటమరాజు తన మందలను నెల్లూరిరాజ్యమునకుఁ దోలుకొనివచ్చెననియు, పచ్చికకుఁ బ్రతిగాఁ గోడెదూడల నొసఁగుట కొడంబడెననియు, పుల్లరితగవు ముదిరి పంచలింగాల యుద్ధమున ఖడ్గతిక్కన మడిసెననియుఁ గాటమరాజు కథలు చెప్పుచున్నవి. గాథలోని ప్రతి యంశమును జరిత్రయని చెప్పరాదు. కాని యందలి యొడంబడిక గమనింపఁదగినది. పుల్లరి ధనముగాఁ గాక కోడెదూడగాఁ గొలువఁబడునెడ, దూడను జూచి రాఁబోవు నెద్దును నిర్ణయించు నేర్పు రాజునకును, గొల్లకును గూడ నవసరమే. అచట లక్షణపరీక్ష వేడుక కాదు, పన్నులెక్కలో భాగము.

లక్షణములను మూఁడు తెఱఁగులుగా విభజించిన విచారము సుగమమగును. కొన్ని పశువుయొక్క వయస్సును, శక్తిని దెలుపును: పండ్లు, ఱొమ్ము, గిట్ట, నడక యిట్టివి. వీనిని బనిలక్షణము లందము. కొన్ని పశు వేజాతిదో తెలుపును: ఒడలిరంగు, కొమ్ముతీరు, చెవివాలు ఇట్టివి. ఇవి జాతిలక్షణములు. మఱికొన్ని యజమానునకుఁ గలుగు శుభాశుభములను దెలుపునని నమ్మఁబడునవి: సుడులు మొదలగునవి. ఇవి శకునలక్షణములు. ఒక తెఱఁగును వేఱొక తెఱఁగుగా భ్రమించుటయే పరీక్షలోని ప్రధానదోషము.

శాస్త్రమున నీ మూఁడును గలసియున్నవి. ఆఱవ శతాబ్దమునఁ బుట్టిన వరాహమిహిరుని బృహత్సంహితయందు గోలక్షణాధ్యాయము కలదు. విశాలమైన ఱొమ్ము, పెద్ద మూఁపురము, పలుచనై నునుపైన చర్మము, నేల నంటు తోఁక ప్రశస్తములని యందుఁ జెప్పఁబడినది. వీనిని నేఁటి రైతును గాదనఁడు. కాని పెదవులు, నాలుక, గిట్టలు, కొమ్ములు రాగిచాయతో నుండవలెననియు, చెవులు చిన్నవై నిక్కి యుండవలెననియుఁ గూడ నందే కలదు. ఒంగోలు గిత్తకు మూతి నలుపు, గిట్టలు నలుపు. కొమ్ములు పొట్టివై మొదట లావుగా నుండును. చెవులు కొంచెము వాలియుండును. శాస్త్రమును యథాతథముగాఁ బ్రయోగించినచో మన దేశపు టుత్తమజాతి గిత్త దోషభూయిష్ఠ మగును! ఇది గిత్త దోషము కాదు. అవంతిదేశపు టాచార్యుఁడు చెప్పిన రాగిచాయ జాతిలక్షణమేకాని సర్వదేశములకుఁ జెల్లు ప్రమాణము కాదు. ఒంగోలు గిత్త తెల్లని వెండ్రుక యెండను మఱలించును. దానిక్రింది నల్లని చర్మము సూర్యకిరణముల తాఁకుడునుండి కాపాడును. కావున మన యెండలకుఁ దగిన లక్షణము నలుపే.

మేఁకల విషయమున నాచార్యుని మాట మఱింత విచారణీయము. ఎనిమిది పండ్ల మేఁక శుభమనియు, ఏడుపండ్లది విడువఁదగినదనియు నతఁడు చెప్పెను. ఆవునకును, గొఱ్ఱెకును, మేఁకకును గ్రిందిదవుడ ముందుభాగమున నుండు పండ్లు ఎనిమిదియే. పైదవుడ ముందు పండ్లుండవు. ఏడుపండ్లనఁగా నొక పన్ను లోపించినదని యర్థము. మేఁతను గొఱుకఁజాలని జంతువు మందకు భారము. ఇచట శకునమువలెఁ గన్పట్టునది నిజమునకుఁ బనిలక్షణము. ఇఁక నజాగళస్తనన్యాయము పండితు లెల్లరు నెఱిఁగినదే. మెడక్రింద వ్రేలాడు చన్ను నిష్ప్రయోజనమునకు దృష్టాంతము. వరాహమిహిరుఁడో దానినే 'మణి' యని పేర్కొని, అది కలిగియుండుట శుభమనెను. నైయాయికునకు వ్యర్థమైనది దైవజ్ఞునకు భాగ్యమైనది. నెల్లూరుజాతి గొఱ్ఱెలలోఁ బెక్కింటికి నీ మణులు కలవు. పశుశాస్త్రజ్ఞులు వీనిని శుభమనియు, వ్యర్థమనియు ననక జాతివర్ణనమునఁ జేర్చిరి.

ఆ గొఱ్ఱె పొడవైన కాళ్లు, వాలిన పెద్ద చెవులు గలది. మన దేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి యెత్తైనది. పొట్టేళ్లకుఁ గొమ్ములుండును, ఆఁడువానికి సామాన్యముగా నుండవు. ఒడలిపై నున్ని లేదు, పొట్టివెండ్రుకయే. రంగునుబట్టి మూఁడు తెగలు: తెల్లనిది పల్ల, తెలుపుమీఁద, ముఖ్యముగాఁ గన్నులచుట్టును, మూతియందును, నల్లమచ్చలు గలది జోడిపి, ఎఱ్ఱగోధుమవన్నెది దొర. పడమట దక్కనుపీఠభూమి గొఱ్ఱెలను గంబళికొఱకు ఉన్నినిబట్టి పరీక్షింతురు. ఇచ్చట నా పరీక్షకుఁ దావు లేదు. మేఁతకై దూరము నడువవలసిన కఱవునేలలోఁ గాలిపొడవే గొప్ప గుణము.

ఆంగ్లప్రభుత్వకాలమున మూఁడవ పరీక్ష ప్రవేశించెను. దక్షిణదేశపు పశువులనుగూర్చి 1909లో గన్ను, 1936లో లిటిల్‌వుడ్డు రచించిన గ్రంథములు జాతులను వర్ణించి వేఱుచేసినవి. బ్రెజిలు దేశమున 1938లో వంశపట్టికలు మొదలిడఁబడెను. 1962లో ఒంగోలు చెంతనున్న కరవదిపేరఁ బ్రసిద్ధమైన గిత్త యచటికిఁ జేరి పెద్ద వంశమునకు మూలమయ్యెను. అచట దీనిని మాంసమునకై పెంచిరి. ఇచటఁ బెంచినది దుక్కికిని, బండికిని. రూపమొకటే, ప్రయోజనము వేఱు. ప్రయోజనమునుబట్టి యెన్నిక మాఱును. ఎన్నిక మాఱినఁ గొన్ని తరములకు రూపమును మాఱును.

మన దేశమున నాఁగలిపనిని ట్రాక్టరు చేకొనిన పిదప, పనిలక్షణములను బరీక్షించు నవసరము తగ్గినది. నేఁడు బండలాగుడు పందెములలో నెడ్లను 'పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆఱుపళ్లు' అని వర్గించు పద్ధతియందు వయఃపరీక్ష నిలిచియున్నది. దుక్కిలో దినమంతయు నలయక నిలుచు నెద్దును గుర్తించు నేర్పునకు మాత్రము పందెము చాలదు. పందెము కొన్ని నిమిషముల బలమునే కొలుచును. పనిచేత సరిచూడఁబడని జాతిలక్షణము క్రమముగా శకునమువంటిదే యగును. తెలుపుఁ జూచి కొని, గిట్టను జూడకుండుట సుడినిఁ జూచి మంచి కోడెను విడుచుటకంటె మేలుగాదు.

కావున నిపుడు చేయవలసిన పని యొకటి కలదు. ఏ గుర్తును దేనికై చూతురో, దానికిఁ బేరేమో, ఈ సీమలోని వృద్ధులైన గొల్లల నోటను, కాఁపుల నోటను బాఠశాలల పండితులు వ్రాసికొనవలెను. గుర్తు పేరొకటియే వ్రాసినఁ జాలదు. దానిచేత నేమి యెఱుఁగుదురో యడిగి వ్రాయవలెను. అపుడే నిఘంటువునకుఁ బదమును, వ్యవసాయమునకుఁ బ్రమాణమును దక్కును.