చెల్లు నుంచి స్కోరు దాకా: క్రెడిట్ కార్డు ఖాతా మూసివేత చరిత్ర

తెలుగు నేలమీద అప్పు ముగిసిందనడానికి ఒకప్పుడు కంటికి కనిపించే ఆనవాలు ఉండేది. అడిగినప్పుడు ఇంత సొమ్ము ఇంత వడ్డీతో చెల్లిస్తానని రుణగ్రహీత స్టాంపు మీద సంతకం చేసి ఇచ్చే ప్రామిసరీ నోటు రుణదాత పెట్టెలో ఉండేది. విడతలుగా కట్టిన మొత్తాలను దాని వెనుకవైపు జమ రాయించుకుంటూ వచ్చి, అసలూ వడ్డీ తీరిన రోజున చెల్లు రాయించుకుని నోటు వెనక్కి తీసుకోవడమో, ఇద్దరి ఎదుటా చింపివేయడమో జరిగేది. నోటు చేతికి రాకుండా సొమ్ము కట్టి ఊరుకోవడం అవివేకమని పెద్దలు హెచ్చరించేవారు, ఎందుకంటే మూడేళ్ల గడువు దాటి కాలదోషం పట్టేలోగా అదే కాగితం చూపి దావా వేసే వీలు రుణదాతకు ఉండేది. అప్పు ఖాతా మూసుకుంటే తీర్చినవాడికి నష్టం కలుగుతుందన్న ఊహకే ఈ పద్ధతిలో తావు లేదు. మాట నిలబెట్టుకున్నవాడన్న పేరు మిగిలేది, మళ్లీ అవసరం పడితే ఆ పేరు మీదే అప్పు పుట్టేది. వాడకంలో లేని క్రెడిట్ కార్డును రద్దు చేసుకోవాలా, ఉంచుకోవాలా అని నేటి ఉద్యోగి పడే తర్జనభర్జన ఈ నేపథ్యంలో చాలా కొత్త సంగతి. బాకీ లేని ఖాతాను మూస్తే రుణార్హత తగ్గవచ్చునన్న పరిస్థితి గత ముప్పై నలభై ఏళ్లలో ఏర్పడినదే, అది ఏర్పడిన క్రమం తెలిస్తే ఆ భయంలో నిజమెంతో కూడా తేలుతుంది.

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా, అతని సహచరులు ప్రారంభించిన డైనర్స్ క్లబ్ కార్డు అసలు అప్పు కార్డు కాదు. దాన్ని చూపి హోటల్లో భోంచేసిన సభ్యుడు నెలాఖరున వచ్చే బిల్లును పూర్తిగా కట్టవలసిందే తప్ప వాయిదా వేసుకునే వీలు లేదు, కనుక సభ్యత్వం అక్కరలేనివాడు దాన్ని వదులుకుంటే సరిపోయేది. బకాయిలో కొంత కట్టి, మిగిలినదాన్ని వడ్డీతో తర్వాతి నెలకు మోసుకుపోయే పద్ధతిని పెద్ద ఎత్తున జనంలోకి తెచ్చింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. 1958 సెప్టెంబరులో ఆ బ్యాంకు కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో సుమారు 60,000 మందికి, ఎవరూ అడగకుండానే, బ్యాంక్‌అమెరికార్డు పేరుతో కార్డులను తపాలాలో పంపింది. దుకాణదారులు చేరాలంటే కార్డుదారులు ఉండాలి, కార్డుదారులు చేరాలంటే దుకాణాలు ఉండాలి. ఈ చిక్కుముడిని తెంచడానికి బ్యాంకు ఎంచుకున్న మార్గం అది. దొంగిలించిన కార్డులు, మోసాలు, కట్టని బాకీలు బ్యాంకు అంచనాలను మించిపోయాయి, పథకాన్ని నడిపిన జోసెఫ్ విలియమ్స్ పదవి వదులుకున్నాడు, అయినా పథకం నిలిచింది. 1976లో దాని పేరు వీసాగా మారింది.

ఈ ఆరంభంలోనే ఒక లోపం ఉంది. ఖాతా తెరవడానికి ప్రజల అంగీకారం అవసరం లేదని భావించిన వ్యవస్థ, దాన్ని మూసే బాధ్యతను మాత్రం ప్రజల మీద వేసింది. కోరని కార్డు ఇంటికి వచ్చినవాడు దాన్ని కత్తిరించి పారేసినంత మాత్రాన బ్యాంకు పుస్తకాల్లోని ఖాతా పోదు, తపాలా పెట్టెలోంచి కార్డు కాజేసినవాడు చేసిన ఖర్చు కూడా కార్డు ఎవరి పేర వచ్చిందో వారి పేరనే నమోదయ్యేది. అమెరికా కాంగ్రెసు 1970లో చట్టం చేసి కోరని కార్డుల పంపిణీని నిషేధించింది. పౌరుల రుణ చరిత్రను సేకరించి అమ్ముకునే సంస్థలకు కట్టుబాట్లు విధించిన ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టం కూడా అదే ఏడాది వచ్చింది. మూసివేత చరిత్రకు ఈ రెండో చట్టమే ముఖ్యమైనది, ఎందుకంటే కార్డు ఖాతా బ్యాంకుకూ ఖాతాదారుకూ మధ్య వ్యవహారంగానే మిగలక మూడో పక్షం దగ్గర దాచబడే దస్త్రంలో ఒక పంక్తి అవుతున్న కాలంలో, ఆ దస్త్రానికి చట్టబద్ధమైన కట్టుబాట్లు ఏర్పడ్డాయి.

ఆ పంక్తులను అంకెగా మార్చినవారు ఇంజనీరు బిల్ ఫెయిర్, గణితజ్ఞుడు ఎర్ల్ ఐజాక్. వారు 1956లో కాలిఫోర్నియాలో నెలకొల్పిన సంస్థ మొదట్లో ఒక్కో రుణసంస్థకు ఒక్కో లెక్కపట్టిక తయారుచేసి ఇచ్చేది. అన్ని బ్యాంకులకూ పనికివచ్చే ఉమ్మడి స్కోరును 1989లో విడుదల చేసింది. 300 నుంచి 850 వరకు ఉండే ఆ అంకెనే ఫైకో స్కోరు అంటారు. 1995లో అమెరికా గృహరుణ మార్కెట్‌ను శాసించే ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ సంస్థలు దాన్ని వాడాలని సూచించాక, అప్పు చేసి ఇల్లు కొనాలనుకున్న చాలా కుటుంబాలు ఆ అంకెకు లోబడవలసి వచ్చింది. సంస్థ స్వయంగా చెప్పిన లెక్క ప్రకారం స్కోరులో సుమారు 35 శాతం సకాలంలో చెల్లించిన చరిత్రకు, 30 శాతం ఉన్న బాకీల స్థాయికి, 15 శాతం ఖాతాల వయసుకు దక్కుతాయి. మిగిలినది కొత్తగా తీసుకున్న అప్పులకూ, అప్పుల రకాలకూ చెందుతుంది.

బాకీ లేని కార్డును మూస్తే స్కోరు ఎందుకు కదులుతుందన్న ప్రశ్నకు జవాబు వీటిలో రెండో అంశమైన బాకీల స్థాయిలో ఉంది. కార్డులన్నిటి మీద మంజూరైన మొత్తం పరిమితిలో ఎంత భాగం వాడుకలో ఉందో చెప్పే అంకెను రుణ వినియోగ నిష్పత్తి అంటారు. లక్ష రూపాయల చొప్పున పరిమితి ఉన్న రెండు కార్డులు గల వ్యక్తి ఒకదాని మీద నెలకు 40,000 ఖర్చు చేస్తూ రెండోదాన్ని ముట్టకపోతే నిష్పత్తి 20 శాతం; ఆ రెండోదాన్ని మూసిన మరుక్షణం, అతని ఖర్చులో పైసా పెరగకపోయినా, నిష్పత్తి 40 శాతానికి చేరుతుంది. వాడగలిగి ఉండీ వాడని సొమ్మును నిగ్రహానికి గుర్తుగా సూత్రం లెక్కించింది, ఆ గుర్తును వదులుకున్నవాడిని ఒత్తిడిలో ఉన్నవాడిగా చూసింది. రుణదాత కోణం నుంచి ఇది గణాంకాలకు నిలిచే అనుమానమే. అయినా మనిషి జీవితం దృష్ట్యా ఇందులో ఒక అన్యాయం ఉంది: ప్రలోభాన్ని దూరం పెట్టడానికి కార్డు వదులుకున్న జాగ్రత్తపరుడికీ, అప్పు పెంచుకుని అదే నిష్పత్తికి చేరినవాడికీ మధ్య తేడా ఆ ఒక్క అంకెలో కనిపించదు.

ఖాతా వయసు గురించిన భయం మాత్రం చాలావరకు అతిశయోక్తి. పాత కార్డును మూస్తే దాని చరిత్ర అంతా వెంటనే తుడిచిపెట్టుకుపోతుందన్న నమ్మకం అమెరికాలోనూ భారతదేశంలోనూ బలంగా ఉంది. అమెరికాలో సక్రమంగా నడిచి మూతపడిన ఖాతా నివేదికలో సాధారణంగా పదేళ్ల వరకు నిలిచి ఉంటుంది, ఫైకో సూత్రం దాని వయసును కూడా లెక్కలోకి తీసుకుంటుంది. వినియోగ నిష్పత్తి ప్రభావం కూడా శాశ్వతం కాదు, ఎందుకంటే చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రాలు నివేదిక తీసిన నాటి బాకీనే చూస్తాయి. బాకీ తగ్గితే స్కోరు మళ్లీ కోలుకుంటుంది. కనుక కొద్ది నెలల్లో గృహరుణానికి దరఖాస్తు చేయబోయే కుటుంబం మూసివేతను వాయిదా వేసుకోవడంలో అర్థం ఉంది, అలాంటి అవసరం లేనివారు కొన్ని పాయింట్ల కోసం ఏటేటా వార్షిక రుసుము కడుతూ పోవడంలో లేదు.

భారతదేశంలో ఈ కథకు తెలుగువారితో నేరుగా సంబంధం ఉంది. బ్యాంకులు జారీ చేసే క్రెడిట్ కార్డు 1980లో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా ద్వారా దేశంలో అడుగుపెట్టగా, మరుసటి ఏడాదే ఆంధ్రా బ్యాంకు తన కార్డును తెచ్చింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించగా, 1980 ఏప్రిల్‌లో జాతీయమైన ఆ బ్యాంకు, ఇంకా చెక్కు పుస్తకమే గొప్పగా ఉన్న రోజుల్లో ఈ సాహసం చేయడం తెలుగు ఆర్థిక చరిత్రలో తగినంతగా గుర్తింపు పొందని ఘట్టం. అప్పటి కార్డు బ్యాంకు తనకు బాగా తెలిసిన ఖాతాదారుకు ఇచ్చిన గౌరవం వంటిది, దాన్ని వదులుకోవడానికి శాఖకు ఒక లేఖ రాస్తే చాలు, ఏ రుణ సమాచార బ్యూరోకూ కబురు వెళ్లేది కాదు, దేశంలో అలాంటి బ్యూరోయే లేదు. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది, దాని కార్డుదారులు ఏ నిర్ణయమూ తీసుకోకుండానే మరో బ్యాంకు కార్డుదారులయ్యారు. 2023 మార్చిలో సిటీ బ్యాంకు భారతీయ కార్డు వ్యాపారం యాక్సిస్ బ్యాంకుకు మారినప్పుడూ జరిగింది ఇదే.

1990లో సిటీ బ్యాంకు, ఆ దశాబ్దం చివర స్టేట్ బ్యాంకు, ఆ తర్వాత ప్రైవేటు బ్యాంకులు రంగంలోకి దిగాక కార్డు గౌరవ చిహ్నం స్థానం నుంచి అమ్మకపు సరుకు స్థానానికి దిగింది. కమిషన్ మీద పనిచేసే ఏజెంట్లు ఆఫీసుల్లోనూ పెట్రోలు బంకుల దగ్గరా జీవితాంతం ఉచితమంటూ దరఖాస్తులు నింపించారు. 2008 మార్చి నాటికి దేశంలో సుమారు 2.75 కోట్ల కార్డులు చలామణిలో ఉన్నాయి. అక్కడి నుంచి జరిగినది భారతీయ కార్డు చరిత్రలో అతిపెద్ద మూసివేత: ప్రపంచ ఆర్థిక సంక్షోభం, పెరిగిన మొండి బకాయిల దెబ్బకు బ్యాంకులు కొత్త జారీలను బిగించి, కదలిక లేని ఖాతాలను రద్దు చేయగా, 2012 మార్చి నాటికి ఆ సంఖ్య సుమారు 1.77 కోట్లకు పడిపోయింది. దాదాపు కోటి కార్డులు నాలుగేళ్లలో మాయమైన ఈ పరిణామంలో వినియోగదారు మనసులోని తర్జనభర్జనకు దక్కిన పాత్ర చిన్నది. ఖాతా ఉండాలో పోవాలో ఎక్కువగా నిర్ణయించింది ఇచ్చినవారే.

ఇంచుమించు అదే కాలంలో రుణ చరిత్ర దస్త్రం కూడా దేశంలో రూపుదిద్దుకుంది. 2000లో ఏర్పడిన సిబిల్ సంస్థ 2004లో వ్యక్తుల రుణ సమాచార సేవలను ప్రారంభించింది, 2005 నాటి పరపతి సమాచార సంస్థల చట్టం దానికి చట్టబద్ధమైన పునాది వేసింది, 300 నుంచి 900 వరకు ఉండే స్కోరు 2007లో బ్యాంకులకూ, 2011లో సామాన్యులకూ అందుబాటులోకి వచ్చింది. అప్పుడు చాలామందికి తెలిసివచ్చిన విషయం ఒకటుంది. సంక్షోభ కాలంలో వసూలు ఏజెంట్ల ఒత్తిడికి తాళలేక, బాకీలో కొంత కట్టి రాజీపడి కార్డు వదిలించుకున్నవారి ఖాతాలు దస్త్రంలో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని నమోదయ్యాయి. మొత్తం బాకీ తీరలేదని, బ్యాంకు కొంత నష్టపోయిందని ఆ మాటకు అర్థం. ఏళ్ల తర్వాత ఇంటి రుణానికి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట అడ్డుపడింది. పాత నోటు వెనుక చెల్లు రాత రుణగ్రహీత కళ్లెదుట పడేది. ఈ రాత అతనికి తెలియకుండా, అతను చూడని చోట పడింది. ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2017 జనవరి నుంచి మాత్రమే అమలైంది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఈ దస్త్రం మరో రూపంలో ఎదురవుతుంది. భారతదేశంలోని సిబిల్ చరిత్ర ఫైకో లెక్కలోకి రాదు కనుక, చదువుకో ఉద్యోగానికో వెళ్లిన యువకుడు శూన్యం నుంచి మొదలుపెట్టాలి, బ్యాంకులో కొంత డిపాజిట్ ఉంచి దాని మీద తీసుకున్న చిన్న కార్డే తరచు అతని మొట్టమొదటి ఖాతా అవుతుంది. ఏళ్లు గడిచి మెరుగైన కార్డులు వచ్చాక ఆ పాతదాన్ని ఏం చేయాలన్నది ఆ ఇళ్లలో తరచు వచ్చే ప్రశ్న. రుసుము లేనిదైతే అప్పుడప్పుడు చిన్న ఖర్చుకు వాడుతూ ఉంచుకోవడం, ఉన్నదైతే అదే బ్యాంకులో రుసుము లేని కార్డుగా మార్పించుకోవడం అక్కడ స్థిరపడిన ఆచారం. ఖాతా కొనసాగుతుంది కనుక పరిమితీ వయసూ రెండూ నిలుస్తాయి.

భారతదేశంలో మూసివేత ఖాతాదారుకు హక్కుగా దక్కింది మాత్రం ఇటీవలే. రద్దు చేయమని ఫోను చేసినవాడిని ఒక విభాగం నుంచి మరో విభాగానికి తిప్పడం, కొత్త ఆఫర్లు చూపి వెనక్కి లాగడం, లేఖను తపాలాలోనే పంపమనడం ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ 21న జారీచేసి, జూలై 1 నుంచి అమలులోకి తెచ్చిన ఆదేశాలు దీనికి అడ్డుకట్ట వేశాయి. బకాయిలన్నీ తీరి ఉంటే, మూసివేత కోరిన ఏడు పనిదినాల్లో ఖాతా మూయాలి. ఆలస్యమైన ప్రతి రోజుకూ రూ. 500 చొప్పున ఖాతాదారుకు చెల్లించాలి. కోరికను తపాలా ద్వారానే పంపమని పట్టుబట్టకూడదు. ఖాతాలో అదనంగా ఉన్న సొమ్మును ఖాతాదారు బ్యాంకు ఖాతాకు బదిలీ చేయాలి. కోరకుండా కార్డు ఇచ్చి రుసుము వసూలు చేస్తే ఆ సొమ్ము తిరిగి ఇవ్వడంతో పాటు దానికి రెట్టింపు జరిమానా కట్టాలన్న నిబంధన కూడా ఇందులో ఉంది. ఏడాదికి పైగా వాడని కార్డు విషయంలో బ్యాంకే ముందుగా సమాచారమిచ్చి, 30 రోజుల్లో జవాబు రాకపోతే, బకాయి లేనప్పుడు, ఖాతాను మూయాలి, ఆ సంగతిని 30 రోజుల్లో పరపతి సమాచార సంస్థలకు తెలపాలి. ఉంచుకోదలచినవారు ఏడాదిలో ఒక్కసారైనా దాన్ని వాడటమో, బ్యాంకు పంపిన సమాచారానికి గడువులోగా జవాబివ్వడమో తప్పని పరిస్థితి దీనితో వచ్చింది.

మూయదలచినవారికి మిగిలే పని ఈ నిబంధనల చుట్టూనే తిరుగుతుంది. కార్డుకు ముడిపెట్టిన విద్యుత్తు బిల్లులు, బీమా ప్రీమియాల ఆటోమేటిక్ చెల్లింపులను ముందుగా మార్చుకోవాలి, లేకుంటే మూసివేత కోరిన తర్వాత పడిన ఒక చిన్న మొత్తం బకాయిగా నిలిచి, ఏడు పనిదినాల గడువు లెక్కకు రాకుండా చేస్తుంది. పేరుకున్న రివార్డు పాయింట్లను వాడుకోవాలి, నడుస్తున్న వాయిదాల కొనుగోళ్లను తీర్చాలి, బకాయి లేదన్న ధ్రువపత్రాన్ని అడిగి తీసుకోవాలి. నెలో రెండు నెలలో గడిచాక నివేదికను తెప్పించి, ఆ ఖాతా ఎదురుగా సున్నా బకాయితో ‘క్లోజ్డ్’ అని ఉందో లేదో చూడాలి. తప్పుగా ఉంటే ఫిర్యాదు చేయాలి, అది 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రోజుకు రూ. 100 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో ఆదేశించింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమలులో ఉంది.