బీమ్‌లో రాడ్లు తగ్గిస్తే ఏమవుతుంది? కాంక్రీట్ పోసే ముందే ఈ లెక్క చూసుకోండి

2016 డిసెంబర్ 8 రాత్రి.. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని నానక్‌రామ్‌గూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కుప్పకూలింది. 11 మంది చనిపోయారు. అనుమతి లేకుండానే అంతస్తు మీద అంతస్తు లేపేశారు.

బిల్డింగ్ కూలడానికి కారణాలు చాలా ఉంటాయి. కానీ కాంక్రీట్ పోశాక చూద్దామన్నా కనిపించనిది లోపలి స్టీల్. గచ్చిబౌలి, మాదాపూర్ చుట్టుపక్కల చిన్న ప్లాట్లలో ఇల్లు కట్టేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇది.

కనీస స్టీల్ ఎందుకు?

కాంక్రీట్ నొక్కుడుని బాగా తట్టుకుంటుంది. లాగితే మాత్రం పగులుతుంది. స్లాబ్ బరువు పడ్డప్పుడు బీమ్ మధ్యలో అడుగుభాగం సాగుతుంది. అక్కడ పగులు రాగానే ఆ లాగుడంతా ఒక్కసారిగా రాడ్ల మీద పడుతుంది. రాడ్లు మరీ తక్కువైతే అవి తెగి, ఏ హెచ్చరికా లేకుండా బీమ్ విరిగిపోతుంది. సరిపడా ఉంటే ముందు పగుళ్లు కనిపిస్తాయి, బీమ్ కిందికి వంగుతుంది. లోపలున్నవాళ్లు బయటపడటానికి టైమ్ దొరుకుతుంది. అందుకే ‘బరువు తక్కువే కదా’ అని కూడా ఈ హద్దు దాటి తగ్గించకూడదు.

ఎంత ఉండాలి?

ఐఎస్ 456:2000 కోడ్ ప్రకారం 0.85ని స్టీల్ గ్రేడ్‌తో భాగించాలి. దాన్ని బీమ్ వెడల్పుతో, ఎఫెక్టివ్ డెప్త్‌తో గుణించాలి. ఎఫెక్టివ్ డెప్త్ అంటే బీమ్ పైఅంచు నుంచి కింది రాడ్ల మధ్య వరకు ఉండే లోతు.

ఉదాహరణకి 230 ఎంఎం వెడల్పు, 450 ఎంఎం లోతు ఉన్న బీమ్. ఎఫెక్టివ్ డెప్త్ 410 ఎంఎం, స్టీల్ ఎఫ్‌ఈ 500 అనుకుందాం. కనీసం 160 చదరపు ఎంఎం స్టీల్ కావాలి.

* 10 ఎంఎం రాడ్లు రెండు: 157.. చాలదు
* 12 ఎంఎం రాడ్లు రెండు: 226.. సరిపోతుంది

ఇది కనీసం మాత్రమే. మీ ఇంటి బరువుని బట్టి ఇంకా ఎక్కువే కావాల్సి రావచ్చు. ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజినీర్ వేయాలి, మేస్త్రీ అంచనాతో కాదు.

పోసే ముందు ఇవి చూడండి

* డ్రాయింగ్‌లో ఉన్నన్ని రాడ్లు, అదే సైజులో ఉన్నాయా?
* రింగుల మధ్య దూరం ఎంత? పై బీమ్‌లో అయితే 300 ఎంఎం దాటకూడదు.
* బయటికి వచ్చే బాల్కనీ బీమ్‌లో మెయిన్ రాడ్లు పైవైపు ఉన్నాయా? అక్కడ లాగుడు పైనే ఉంటుంది.
* 12 ఎంఎం రాడ్ మీటరుకి సుమారు 0.89 కిలోలు తూగాలి. బాగా తగ్గితే సైజు తక్కువని అర్థం.

అన్నీ సరిచూసి, ఫోటోలు తీసుకున్నాకే కాంక్రీట్‌కి ఓకే చెప్పండి. పోశాక రాడ్లు లెక్కపెట్టడం కుదరదు.