దాత ఇచ్చిన చదువు, హక్కుగా వచ్చిన చదువు: విజయనగరం సంస్థానం నుంచి నెల్లిమర్ల దాకా

నెల్లిమర్ల అనగానే ఉత్తరాంధ్రలో ముందు గుర్తొచ్చేది జూట్ మిల్లు. ఆ తర్వాత మిమ్స్, అంటే మహారాజా పేరున నడుస్తున్న వైద్య కళాశాల, ఆసుపత్రి. ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోని విజయనగరంలో కాలేజీ, ఆసుపత్రి, సంగీత కళాశాల దేన్ని చూసినా సంస్థానం పేరు వినిపిస్తుంది. ఈ ప్రాంతంలో చదువు చరిత్ర రాసేవాళ్ళు ఆ దాతృత్వం దగ్గరే మొదలుపెడతారు. మేమూ అక్కడే మొదలుపెడుతున్నాం. అయితే ఎంత ఇచ్చారన్న దానితో పాటు ఎవరికి ఇచ్చారు, ఎవరి కష్టం నుంచి ఇచ్చారు అని కూడా అడుగుతున్నాం.

సంస్థానం ఇచ్చింది

విజయనగరంలో 1857లో మొదలైన బడి 1879లో కాలేజీ అయింది. అదే మహారాజా కళాశాల. 1879 నుంచి 1897 దాకా పాలించిన ఆనంద గజపతి రాజు పేరు ఆడపిల్లల సంక్షేమ చరిత్రలో ఇంకో కారణంగా నిలిచింది. 1880ల్లో ఆయన విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కపు పెళ్ళిళ్ళ జాబితా తయారు చేయించారు. మూడేళ్ళలో 1,034 పెళ్ళిళ్ళు లెక్కకు వచ్చాయి. పెళ్ళికూతుళ్ళలో 99 మంది ఐదేళ్ళ పిల్లలు, 44 మంది నాలుగేళ్ళ వాళ్ళు, 36 మంది మూడేళ్ళ వాళ్ళు. రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆయన ఆస్థానంలోని గురజాడ అప్పారావు ఈ అంకెలను 1897లో అచ్చయిన ‘కన్యాశుల్కం’ పీఠికలో నమోదు చేసి, నాటకాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

ఆ లెక్క విలువను మేము తక్కువ చేయడం లేదు. చిన్నపిల్లల పెళ్ళిళ్ళను సమస్యగా గుర్తించి, ఇంటింటి వివరాలు రాయించడం ఆ రోజుల్లో పెద్ద పని. కానీ అది బ్రాహ్మణ కుటుంబాల లెక్క. మాల, మాదిగ, రెల్లి పేటల్లో ఆడపిల్ల ఏ వయసులో పెళ్ళయి పోయిందో, ఎన్ని కాన్పుల తర్వాత చనిపోయిందో ఆ జాబితాలో వెతికితే దొరకదు. సంస్కరణ ఎవరి ఇంటిని చూసిందో వాళ్ళ బాధే చరిత్రకెక్కింది.

ఆసుపత్రుల పేర్లలోనూ ఇదే కనిపిస్తుంది. 1885లో మద్రాసులో ఆడవాళ్ళ కోసం దాతల సాయంతో తెరిచిన ఆసుపత్రిని ‘కాస్ట్ అండ్ గోషా’ ఆసుపత్రి అన్నారు. అంటే కులం గలవాళ్ళకీ, పరదా పాటించేవాళ్ళకీ అని. విజయనగరంలో, విశాఖలో జనం నోట ‘ఘోషాసుపత్రి’ అన్న మాట ఇప్పటికీ ఉంది. పొద్దున్నే పొలానికి పోయే దళిత స్త్రీకి పరదా ఎక్కడిది?

సొమ్ము మాట కూడా చెప్పుకోవాలి. జమీందారీ ఆదాయం రైతు కట్టిన శిస్తు. ఆ రైతు పొలంలో చెమటోడ్చిన కూలీలు, పాలేర్లలో దళితులు ఎందరో. కాలేజీ గోడ మీద వాళ్ళ పేర్లు ఉండవు.

1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీ పోయింది. 1958లో పి.వి.జి. రాజు తండ్రి అలక్ నారాయణ గజపతి పేరిట మాన్సాస్ ట్రస్టు స్థాపించారు. కోటలోనే ఆడపిల్లల కాలేజీ నడిచింది. రాణివాసం ఉన్న చోట పేదింటి అమ్మాయిలు డిగ్రీ చదవడం చిన్న మార్పు కాదు. అయితే అప్పటికి రాజ్యాంగం వచ్చి ఎనిమిదేళ్ళయింది. దళిత అమ్మాయి ఆ గేటు దాటడానికి దాత మంచితనంతో పాటు రిజర్వేషను, స్కాలర్‌షిప్పు, ప్రభుత్వ హాస్టలు కూడా కావలసి వచ్చాయి.

అంబేడ్కర్ చేసిన మలుపు

దానానికీ హక్కుకీ ఉన్న తేడా డాక్టర్ అంబేడ్కర్ జీవితంలోనే ఉంది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌన్ల స్కాలర్‌షిప్పుతో ఆయన కొలంబియా వెళ్ళారు. షరతు ప్రకారం తిరిగొచ్చి 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరితే ఉండటానికి ఇల్లు దొరకలేదు. రాజు దయ చదువు చెప్పించగలిగింది, ఊళ్ళో అంటరానితనాన్ని ఆపలేకపోయింది.

1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడయ్యాక ఆయన షెడ్యూల్డ్ కులాల పైచదువుకు ప్రభుత్వమే డబ్బు కేటాయించాలని వినతిపత్రం ఇచ్చారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు మొదలయ్యాయి. ఒక్కడికి దొరికిన సాయాన్ని తరాలకు అందే పద్ధతిగా మార్చడమే ఆ మలుపు.

కుటుంబ సంక్షేమాన్ని కూడా ఆ ఉద్యమం దానంగా చూడలేదు. 1938లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణపై అంబేడ్కర్ పక్షాన తీర్మానం వచ్చి వీగిపోయింది. 1942 జులైలో నాగపూర్‌లో సులోచనాబాయి డోంగ్రే అధ్యక్షతన జరిగిన అణగారిన వర్గాల మహిళా మహాసభలో ఆడపిల్లల చదువు, కాన్పుల సంఖ్య ఒకే వేదిక మీద చర్చకు వచ్చాయి. ఆ సభలో అంబేడ్కర్ పెళ్ళికి తొందరపడవద్దనీ, ఎక్కువమంది పిల్లల్ని కనవద్దనీ చెప్పారు. తమ ఇళ్ళ లెక్కను అక్కడ దళిత స్త్రీలే తీసుకున్నారు.

ఇప్పుడు తలుపు ఎక్కడ మూసుకుంటోంది

హక్కు అయినంత మాత్రాన ఊరికే అందదు. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77 ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్ళకు ఫీజు చెల్లింపును ఆపింది. నెల్లిమర్లలో మిల్లు కూలీ కూతురు డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ చేయాలంటే ఎచ్చెర్లలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయమో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయమో చూసుకోవాలి. అంటే హాస్టల్లో చోటు కావాలి. అది దొరక్కపోతే ఇంట్లో మొదలయ్యేది పెళ్ళి మాటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. పైచదువూ కుటుంబ సంక్షేమమూ రెండు వేర్వేరు పద్దులు కావు.

2025లో వచ్చిన ఎస్సీ వర్గీకరణలో రెల్లి, దాని ఉపకులాలకు ఒక శాతం విడిగా కేటాయించారు. ఉత్తరాంధ్రలో పారిశుధ్య పనిలో తరతరాలుగా ఉన్న ఈ కుటుంబాల అమ్మాయిలు ఆ ఒక శాతాన్ని వాడుకోవాలంటే ముందు ఇంటరు, డిగ్రీ దాకా నిలవాలి. ఫీజు ఆలస్యమై హాల్‌టికెట్టు ఆగిపోయిన చోట రిజర్వేషను కాగితం మీదే ఉంటుంది.

అందుకే ఈ జిల్లాలో పనిచేసే మిత్రులకు, విద్యార్థులకు మా సూచన ఒకటే. దాతలు సాయం చేస్తే తీసుకుందాం, కృతజ్ఞతా చెబుదాం. కానీ మన లెక్క మనం రాసుకుందాం. మీ పేటలో డిగ్రీ పూర్తిచేసిన అమ్మాయిలెందరు, పీజీకి వెళ్ళినవాళ్ళెందరు, మధ్యలో మానేసింది ఏ ఏడాది, ఆ ఏడాది ఫీజు పడిందా లేదా, పెళ్ళి ఎప్పుడయింది. ఒక నోటు పుస్తకం చాలు. నాటి 1,034 పెళ్ళిళ్ళ జాబితాలో మనవాళ్ళు లేరు. సాంఘిక సంక్షేమ శాఖ ముందు పెట్టే జాబితా మనదై ఉండాలి.