కంప్యూటర్లకు తెలుగు నేర్పిన తీరిక వేళలు

పలాసలో డీటీపీ చేయించిన శుభలేఖను పెన్‌డ్రైవులో వేసుకుని టెక్కలి తీసుకెళ్తే, అక్కడి కంప్యూటర్లోనూ అదే కంపెనీ ఫాంటు ఉంటేనే తెలుగు కనిపించేది. లేకపోతే వధూవరుల పేర్లున్న చోట డాలరు గుర్తులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిషు అక్షరాలు, బ్రాకెట్లు వరసగా వచ్చేవి. 1990ల నుంచి చాలా ఏళ్లపాటు తెలుగు నాట ఏ ఊరికి వెళ్లినా ఇదే పరిస్థితి. కోటబొమ్మాళి కొత్తమ్మ తల్లి జాతర కరపత్రానికీ, హైదరాబాద్‌లో అచ్చయ్యే దినపత్రికకీ ఈ విషయంలో తేడా లేదు.

అను, శ్రీలిపి లాంటి ప్యాకేజీలు అచ్చుపనికి చేసిన మేలు చిన్నది కాదు. సీసపు అక్షరాలు ఏరి కూర్చే కష్టం వాటివల్లే తీరింది. కానీ లోపల జరిగేది వేరు. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన గళ్లలో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టేవారు. ఒక కంపెనీ 'అ' పెట్టిన గడిలో ఇంకో కంపెనీ 'క' వత్తు పెట్టేది. కంటికి తెలుగు కనిపించినా, కంప్యూటర్‌కు మాత్రం అది తెలుగని తెలియదు. వెతికితే దొరకదు, అక్షర క్రమంలో పేర్చమంటే పేర్చదు, ఇంకో యంత్రానికి పంపితే చదవదు. రాసుకున్న మాట రాసినవాడిదే అయినా, దాన్ని తెరిచే తాళం కంపెనీ దగ్గర ఉండేది.

1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్లు విడిగా కేటాయించారు. గళ్లు ఉన్నంత మాత్రాన పని జరగదు. వత్తు కిందకీ గుడి పైకీ సరిగ్గా వెళ్లేలా గీసే ప్రోగ్రాం కావాలి, ఫాంటు కావాలి, కీబోర్డు కావాలి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును వెంట తెచ్చింది. అయితే సెట్టింగుల్లోకి వెళ్లి, ఎక్స్‌పీ సీడీ పెట్టి, భారతీయ భాషల సౌకర్యాన్ని విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. నెట్ సెంటర్లలో ఆ సీడీ ఎవరు వెతికి పెడతారు? ఎక్కించని కంప్యూటర్లో తెలుగు పేజీ తెరిస్తే అక్షరాల బదులు డబ్బాలు కనిపించేవి. "మాకు డబ్బాలే వస్తున్నాయి" అన్నది ఆనాటి తెలుగు పాఠకుల నిత్య ఫిర్యాదు.

ఈ లోటును తీర్చింది చాలావరకు జీతం లేకుండా పనిచేసినవాళ్లు.

మొదటి అడుగులు పడింది అమెరికాలో. 1990ల తొలినాళ్లలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిషు కీబోర్డుతో తెలుగు రాసే ఒక పద్ధతిని స్థిరపరిచారు. ఆ విశ్వవిద్యాలయం పేరు మీదుగానే అది ఆర్టీఎస్ అయింది. ఈ రోజు ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలు నొక్కి తెలుగు రాసే అలవాటుకు అక్కడి నుంచే దారి పడింది. ఆ తర్వాత కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే రెండు యూనికోడ్ ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలిపెట్టారు. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచిపెట్టవచ్చు.

ఈ షరతుల వెనుక ఒక చరిత్ర ఉంది. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించినప్పుడు కోరింది ఇదే: ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో వాడేవాడికి కనిపించాలి, దాన్ని బాగుచేసుకునే హక్కు, పక్కవాడికి ఇచ్చే హక్కు ఉండాలి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాసిన లినక్స్ దీనికి జత కలిసింది. మన దేశంలో చాలామంది కుర్రాళ్లకు లినక్స్ మొదట చేరింది 1996 నుంచి పీసీక్వెస్ట్ పత్రికతో పాటు వచ్చిన సీడీల్లో. తర్వాత ఉబుంటు అనే లినక్స్ రకాన్ని తయారుచేసేవాళ్లు అడిగినవారికల్లా సీడీలు పోస్టులో ఉచితంగా పంపారు. ఏడు వందల ఎంబీల ఫైలును డయలప్ మీద దించుకోవడం అసాధ్యమైన రోజులవి. పిన్‌కోడ్ రాసి ఒక ఫారం నింపితే చాలు, కొన్ని వారాలకు పోస్ట్‌మన్ కవరు తెచ్చేవాడు. శ్రీకాకుళం ఉద్దానంలోని ఊరైనా, హైదరాబాద్ బంజారాహిల్స్ అయినా ఒకటే లెక్క. 2011లో ఆ పంపిణీ ఆగిపోయింది. పెద్ద ఊళ్లకు దూరంగా ఉన్నవాళ్లకు అంత సమానంగా అందిన సాంకేతికత తర్వాత మళ్లీ రావడానికి చవక మొబైల్ డేటా దాకా ఆగాల్సి వచ్చింది.

2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా మొదలైంది. దాన్ని ప్రారంభించిన వెన్న నాగార్జునే తర్వాత పద్మ అనే చిన్న ప్రోగ్రాం రాశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే పొడిగింపు అది. సొంత ఫాంట్లలో చిక్కుకుపోయిన దినపత్రికల పేజీలను తెరిచిన వెంటనే యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఏ ఫాంటులో ఏ గడిలో ఏ ముక్క ఉందో ఒక్కొక్కటిగా కనిపెట్టి పట్టిక రాయడం ఎంత ఓపికతో కూడిన పనో చేసినవారికే తెలియాలి. తలకట్టు ఒక ముక్క, దాని కింద అక్షరం ఇంకో ముక్క, వత్తు మరో ముక్క. వాటిని సరైన వరసలో కలిపితే గానీ ఒక్క అక్షరం పుట్టదు. తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో దక్కాల్సిన గౌరవం దక్కని పనుల్లో పద్మ మొదటి వరసలో ఉంటుంది. దాని కోడు అందరికీ తెరిచి ఉంచారు కాబట్టే 2006లో వీవెన్ దాని మీద ఆధారపడి లేఖిని అనే వెబ్ పేజీ తయారుచేయగలిగారు. పైన ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే కింద తెలుగు వచ్చే ఆ పేజీ వేలమందికి తొలి తెలుగు వాక్యం రాయించింది.

హైదరాబాద్‌లో యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో తెలుగు బ్లాగర్లు నెలకో ఆదివారం కలుసుకునేవారు. ఆ కలయికల్లోంచే 2008లో ఇ-తెలుగు సంస్థ నమోదైంది. పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటర్లో తెలుగు చూడటం, రాయడం ఎలాగో చూపించేవారు. బల్ల మీద ఒక కంప్యూటర్, చేతిలో కరపత్రాలు, పొద్దున్నుంచి రాత్రి దాకా అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఇలాంటి సంఘాల చరిత్రలో అసలు పని ఇదే.

స్వేచ్ఛ అనే సంస్థ ఇంకో దారి పట్టింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో మొదలై, 2005లో తెలుగు మెనూలతో స్వేచ్ఛ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసి, ఆ పేరునే సంస్థకు పెట్టుకుంది. తర్వాత బడిపిల్లల కోసం బాల స్వేచ్ఛ తెచ్చింది. 2010లో దేశంలోని ఇలాంటి సంఘాలు కలిసి ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియాగా ఏర్పడినప్పుడు స్వేచ్ఛ అందులో భాగమైంది. దాని బలమంతా ఇంజనీరింగ్ కాలేజీల్లో నడిపిన గ్లగ్‌లలో, అంటే లినక్స్ వాడుకరుల బృందాల్లో ఉండేది.

గ్లగ్ నడపడమంటే ఉపన్యాసాలివ్వడం కాదు. ఆదివారం ల్యాబు తాళం కోసం హెచ్‌ఓడీని ఒప్పించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు మోసుకెళ్లాలి. జూనియర్లు తెచ్చిన ల్యాప్‌టాపుల్లో డి డ్రైవులోని ఫొటోలూ సినిమాలూ పోకుండా హార్డ్ డిస్కును విడదీసి లినక్స్ ఎక్కించాలి. ఎక్కాక వైఫై పట్టకపోతే దాని డ్రైవరు కోసం రాత్రంతా కూర్చోవాలి. ఏటా సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డే నాడు పోస్టర్లు అతికించాలి. మెనూల అనువాదానికి కూర్చున్నప్పుడు పుస్తకాల తెలుగు రాయాలా, జనం మాట్లాడేది రాయాలా అని వాదించుకోవాలి. ఇంతా చేసి నిలబెట్టిన బృందం, నడిపిన సీనియర్లకు క్యాంపస్ సెలక్షన్లు వచ్చి బెంగళూరు వెళ్లిపోగానే చాలా కాలేజీల్లో చెదిరిపోయేది. నాలుగేళ్లకోసారి మనుషులు మారిపోయే చోట సంఘం నిలవాలంటే, ఆ ఊళ్లోనే ఉండే లెక్చరర్‌ ఒకరో, లైబ్రేరియన్‌ ఒకరో దాన్ని తమ పనిగా పెట్టుకోవాలి. ఈ సంగతిని మన సంఘాలు ఆలస్యంగా గ్రహించాయి.

కేరళ ముందే గ్రహించింది. అక్కడ 2002లో మొదలైన స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వలంటీర్లు ఫాంట్లు, నిఘంటువులు తయారుచేస్తుంటే, ప్రభుత్వం ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమం ద్వారా హైస్కూళ్లను లినక్స్ మీదకు మార్చింది. పాఠం చెప్పింది ఆ బడి టీచర్లే. మన ఉమ్మడి రాష్ట్రంలో 2008లో ఐదు వేల హైస్కూళ్ల కంప్యూటర్ విద్యను ఐదేళ్ల ఒప్పందంతో ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. ఒప్పందం గడువు తీరగానే కంప్యూటర్ చెప్పే మనిషి బడిలో లేకుండా పోయాడు. రెండు రాష్ట్రాల్లోనూ డబ్బు ఖర్చయింది. కేరళ బడిలో మాత్రం నేర్చుకున్న టీచరు మిగిలాడు.

ఇదంతా హైదరాబాద్ చుట్టూ తిరిగిన కథలా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా టెక్కలిలో 2001లోనే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చింది, ఎచ్చెర్లలో 2016లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అయినా ఈ తీరం పిల్లలు చదువుకో ఉద్యోగానికో రైలెక్కడమే ఎక్కువ. కానీ జ్ఞానం అందరిదీ కావాలని సొంత డబ్బు, సొంత తీరిక పెట్టిన సంప్రదాయం శ్రీకాకుళానికి కంప్యూటర్ల కంటే చాలా ముందే ఉంది.

జలుమూరు మండలం శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో మాస్టారు. కొండల మీది సవరల భాషను, అది తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ నేర్చుకున్నారు. సవర పిల్లల కోసం తెలుగు లిపిలో వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం బహుమతిగా డబ్బిస్తానంటే, దాంతో సవరలకు బడి పెట్టమన్నారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. ఈ మధ్యలోనే, 1936లో, పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపినందుకు నిరసనగా ఆయన ఆ ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా సిలికానాంధ్ర సంస్థ స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసిన తెలుగు ఫాంట్లలో ఒకదానికి గిడుగు పేరే పెట్టారు. పత్రికల శీర్షికలకు, పోస్టర్లకు దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు.

ఇదే జిల్లాలో కథకుడు కాళీపట్నం రామారావు మాస్టారు పురస్కారాలుగా వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం అనే గ్రంథాలయం తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ ఒక చోట చేర్చాలన్నది ఆయన పట్టుదల. పాత పత్రికల కట్టలు ఊరూరా సేకరించారు. తర్వాత అభిమానులు వాటిని స్కాన్ చేసి నెట్‌లో పెట్టారు. మందసలో ఉన్నా, మెల్‌బోర్న్‌లో ఉన్నా ఈ రోజు ఆ కథలు చదువుకోవచ్చు.

తెలుగు వికీపీడియాలో కోటబొమ్మాళి మండలంలోని చిన్న చిన్న గ్రామాలకు కూడా పేజీలున్నాయి. జనాభా, బడులు, సాగునీరు, దగ్గరి రైల్వే స్టేషను దాకా జనగణన లెక్కలు వాటిలోకి చేరాయి. ఏ పత్రికా ఎన్నడూ రాయని ఊళ్లవి. ఆ పేజీలు తయారుచేసింది దూరాన కూర్చున్న వలంటీర్లు కాబట్టి చాలావాటిలో లెక్కలే ఉన్నాయి. గ్రామదేవత పండగ, చెరువు పేరు, ఊరి పెద్దల కథ చేర్చాల్సింది ఊరివాళ్లే. తెలుగు వికీపీడియా పదేళ్ల పండగ 2014లో విజయవాడలో జరిగితే, ఇరవయ్యేళ్ల పండగ 2024 జనవరిలో విశాఖపట్నం వచ్చింది. కోటబొమ్మాళిలో రైలెక్కితే కొన్ని గంటల ప్రయాణం.

కోడు అందరికీ తెరిచి ఉండటం ఎందుకు అవసరమో 2018లో మళ్లీ తెలిసింది. ఆ ఏడు ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం కొన్ని ఐఫోన్లలో వచ్చిపడగానే యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా వార్త అయింది. కొద్ది రోజుల్లో ఆపిల్ సరిచేసింది, అందులో సందేహం లేదు. అయితే ఆ రోజుల్లో తెలుగు తెలిసిన ఏ ప్రోగ్రామరైనా లోపం ఎక్కడుందో తెరిచి చూసే వీలు మాత్రం లేకపోయింది. ఆండ్రాయిడ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ తెలుగు గీసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ హార్ఫ్‌బజ్‌లో వత్తు తప్పుగా పడితే, టెక్కలి కాలేజీ కుర్రాడైనా కోడు తెరిచి సవరణ పంపవచ్చు.

ఇప్పుడు పని కృత్రిమ మేధ వైపు మళ్లింది. 2024 ఆరంభంలో స్వేచ్ఛ మరో రెండు సంస్థలతో కలిసి చందమామ కథలు పేరుతో తెలుగు కథలు రాసే భాషా నమూనా (లాంగ్వేజ్ మోడల్) ఒకటి తెచ్చింది. దానికి కావలసిన వేల పేజీల పాఠాన్ని సిద్ధం చేసింది ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులు. గ్లగ్‌లు అలవాటు చేసిన పద్ధతే, పనిముట్లు మారాయి.

ఇలాంటి పని మన జిల్లాలోనూ మిగిలే ఉంది. ఉద్దానానికి ఎగువన మందస, మెళియాపుట్టి కొండల్లో సవర గూడేలున్నాయి. సవరకు ఒరిస్సాలో 1936లో మంగేయి గమాంగో రూపొందించిన సొంత లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆంధ్రలో మాత్రం సవర పిల్లలు గిడుగు చూపిన దారిలో తెలుగు లిపిలోనే చదువుతున్నారు. గిడుగు 1940లో మరణించారు కాబట్టి మన కాపీరైటు చట్టం ప్రకారం 2001 నుంచి ఆయన పుస్తకాలు జనం సొత్తు. 1938 నాటి నిఘంటువును ఎవరైనా టైపు చేసి విక్షనరీలో పెట్టవచ్చు, ఫోన్ కీబోర్డుకు పదాల జాబితాగా మార్చవచ్చు. అందులో సవర మాటలు రోమన్ లిపిలో ఉన్నాయి. వాటిని తెలుగు లిపిలోకి మార్చే పట్టిక రాయడం పద్మ చేసినలాంటి పనే. ఆ తర్వాత ఒక్కో మాటా గూడెంలోని పెద్దవాళ్లకు చదివి వినిపించి, ఇప్పుడు ఎలా అంటున్నారో అడిగి సరిచేసుకోవాలి. అందుకు హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు, టెక్కలి నుంచి మెళియాపుట్టి బస్సెక్కితే చాలు.