గుర్రమెక్కనివాళ్ళం

ముస్లిం అనగానే మీ కళ్ళముందు గుర్రమెక్కిన నవాబు కనపడతాడు. మీ పుస్తకాలు అట్లా నేర్పాయి. మా అవుకు చుట్టుపక్కల నవాబులు లేకపోలేదు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను 1839లో కుంపిణీ గద్దె దింపింది. పొరుగున బనగానపల్లె నవాబుల సంస్థానం 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. వాళ్ళ గుర్రాలకూ పల్లకీలకూ చరిత్రలో చోటుంది. నడిచినోళ్ళకు లేదు.

మేం నడిచినోళ్ళం. మాలో దూదేకులవాళ్ళు విల్లు భుజానేసుకొని ఊరూరా తిరిగారు. ఇంటింటి అరుగు మీద దూది ఏకి పరుపులు కుట్టారు. నల్లరేగడిలో పత్తి విరగపండినా ఆ చేలు మావి కావు. విల్లే ఆస్తి, కాళ్ళే బండి. ఆ పని పేరైన ‘పింజారి’ని లోకం తిట్టుగా వాడుకుంది. బి.సి.-బి జాబితాలో చేరిన బతుకు అది, నవాబు బతుకు కాదు.

మా గల్లీలు కూడా కాళ్ళ కొలతతోనే కట్టుకున్నవి. అజా వినపడేంత దూరంలో ఇల్లు. నాలుగడుగుల్లో అంగడి. పీర్ల పండుగకు పీర్లెత్తేవాళ్ళలో హిందువులూ ఉంటారు. ఆ ఊరేగింపు ఏనాడైనా కాలినడకే. మేమూ మీరూ కలిసి నడిచిన చరిత్ర అది. దాన్ని ఎవరు రాశారు?

ఇప్పుడు పెద్ద నగరాలకు నడక గుర్తొచ్చింది. 2020 ఎన్నికల్లో పారిస్ మేయర్ ఆన్ ఇడాల్గో ‘15 నిమిషాల నగరం’ అన్నారు. బడి, అంగడి, వైద్యం నడిచో సైకిల్ తొక్కో ఆ కాస్త సేపట్లో చేరుకోవాలని దాని అర్థం. అక్కడ కారు వదిలేయడం ఒక ఇష్టం. మాకు వదలడానికి కారేదీ?

అందుకే మా నడకను మెచ్చుకొని ఊరుకుంటే చాలదు. మసీదుకు నడుస్తాం, అంగడికి నడుస్తాం. పెద్దాసుపత్రికి నంద్యాల దాకా నడవగలమా? 2022లో నంద్యాల జిల్లా ఏర్పడి కలెక్టరు దగ్గరయ్యాడు. అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషికి మాత్రం ఇంకా బండి కావాలి. పదో తరగతి దాటిన పిల్ల చదువు బస్సు చార్జీ దగ్గర ఆగిపోతూనే ఉంది. కారు లేకపోవడం గొప్ప అనిపించుకోవాలంటే, కారు అవసరం లేనంత దగ్గరగా అన్నీ ఉండాలి.

మేం అడిగేది అదే: నడిచి చేరేంత దూరంలో ఆసుపత్రి, కాలేజీ. అడిగితే బుజ్జగింపు అంటారు. నవాబుల వారసులకు ఇంకేం కావాలంటారు. గుర్రం దిగమంటారు.

మేం ఎక్కిందెప్పుడు?