డచ్చివారి బెల్టు బండి

భీమిలి వెళ్లినవాళ్లు సముద్రం చూస్తారు, దీపస్తంభం చూస్తారు, బజ్జీలు తిని తిరిగొస్తారు. డచ్చివారి సమాధులదాకా వెళ్లే ఓపిక ఎవరికో గాని ఉండదు. పదిహేడో శతాబ్దంలో వర్తకానికని వచ్చిన డచ్చివారు 1825లో ఈ ఊరిని ఇంగ్లీషువారికి అప్పగించి వెళ్లిపోయారు. వాళ్ల దేశంతో మనకి మిగిలిన చుట్టరికం ఆ పాత రాళ్లే అనుకునేదాన్ని. కాదు! ఆ దేశంలోనే పుట్టిన ఒక చిన్నకారు ఉపాయం చాలా ఏళ్లు మా ఇంటి అరుగు పక్కనే ఉంది. నేనే గుర్తుపట్టలేదు.

ముందు నా పరాభవం సంగతి చెప్పాలి. పెళ్లయిన కొత్తలో మా వారు నాకు ఫియట్ కారు నేర్పిస్తానని బీచి రోడ్డుమీదికి తీసుకెళ్లారు. స్టీరింగు కిందే గేరు కర్ర. ఎడమకాలు క్లచ్చిమీంచి తియ్యాలి, కుడికాలు ఆక్సిలేటరు నొక్కాలి, చెయ్యి గేరు మార్చాలి, కళ్లు రోడ్డుమీద ఉండాలి! ఋషికొండ దగ్గర ఎత్తులో బండి ఆగిపోయింది. వెనక లారీ హారను మోత. "పోనీలే, గేర్లు ఆడవాళ్లకి పట్టుబడవు" అన్నారు మా వారు, ఓదార్పుగానే. నేను దిగి తాళాలు ఆయన చేతిలో పెట్టేశాను. మళ్లీ అడగలేదు.

అసలు గేర్లు ఎందుకు? ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం చాలదు. బయల్దేరేటప్పుడూ ఎత్తు ఎక్కేటప్పుడూ బలం కావాలి, చదునులో వేగం కావాలి. ఆ మార్పు మనిషితో పనిలేకుండా జరిగేట్టు అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కారుకి 1940 మోడలునుంచి ఏర్పాటు చేశారు. అందులో నూనె ద్వారా బలం చక్రాలకి అందుతుంది. ఆ నూనె ఉపాయం మొదట ఓడలకోసం పుట్టిందే. జర్మనీలో ఓడల కర్మాగారంలో పనిచేసిన ఫెటింగర్ 1905లో దానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే ఆ ఏర్పాటు బరువు ఎక్కువ, కొంత బలాన్ని తనే మింగేస్తుంది. పెద్దకారుకి ఫరవాలేదు. చిన్నకారు ఇంజనుకి ఉన్నదే పిడికెడు బలం, అందులోంచి దానధర్మాలు ఎక్కడ చేస్తుంది?

ఇక్కడే వస్తాడు మన డచ్చి మనిషి, హుబ్ వాన్ డోర్నె. 1900లో పుట్టాడు. పుట్టిన పల్లె పేరు అమెరికా అంటే నమ్ముతారా? హాలెండులోదే ఆ పల్లె! ఒక బీరు కర్మాగారం యజమాని కారు పాడైతే బాగుచేసి పెట్టాడట. ఆ పనితనం చూసి ఆయన పెట్టుబడి ఇస్తే, 1928లో ఐండ్‌హోవెన్‌లో చిన్న వర్కుషాపు తెరిచాడు. అదే పెరిగి పెరిగి డాఫ్ కంపెనీ అయింది. 1958లో ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో డాఫ్ 600 అనే బుల్లి కారు బయటికొచ్చింది. రెండు సిలిండర్ల ఇంజను, 590 సి.సి. క్లచ్చి పెడలు లేదు. గేర్లు మార్చే పనే లేదు!

మరి లోపల ఏముంది? మీ ఇంట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉండే ఉంటుంది. కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, మధ్య తోలు బెల్టు. అంతే! కాకపోతే డాఫ్ చక్రాలు సైజు మార్చుకుంటాయి. ఒక్కొక్కటీ డమరుకంలా రెండు ముక్కలు, నడుములో బెల్టు. ముక్కలు దగ్గరికి జరిగితే బెల్టు పైకెక్కుతుంది, చక్రం పెద్దదైనట్టు. ఎడం జరిగితే నడుములోకి దిగుతుంది, చిన్నదైనట్టు. ముందు చక్రం పెద్దదవుతుంటే వెనకది చిన్నదవుతుంది, బండి వేగం అందుకుంటుంది. వాటిని జరిపే పని గుండ్రంగా తిరిగే బరువులూ, ఇంజను పీల్చే గాలీ చూసుకుంటాయి. దానికి పెట్టిన పేరు వేరియోమాటిక్.

అందుకే ఈ గేరుపెట్టెని ఇంట్లో బాగుచేసుకోవడం సాధ్యమైంది. ఇంగ్లండువారి మినీ కారుకి 1965లో ఆటోమాటిక్ గేర్లు వచ్చాయి. అవి ఇంజను కిందే, ఇంజనుతో ఒకే నూనెలో ఉంటాయి. విప్పాలంటే ఇంజను మొత్తం పైకి లేపాలి. లోపల పలకలు, పట్టీలు, స్ప్రింగులు, సన్నని నూనెదారులు. తుడిచిన గుడ్డ పోగొకటి అడ్డంపడినా తంటాయే. డాఫ్ అలా కాదు. వెనకభాగం జాకీమీద ఎత్తి, బిగింపు వదులుచేసి, రెండు బెల్టులూ తప్పించాలి. చక్రాల ముఖాలు శుభ్రంగా తుడవాలి, నూనె చుక్క ఉండకూడదు. ఎండి పగిలిన రబ్బరు పొర ఉంటే మార్చాలి. బెల్టులు మాత్రం జంటగానే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే లాగుడు సమంగా ఉండదు. పాత డాఫ్‌లు దాచుకున్నవాళ్లు హాలెండులో ఇవాళ్టికీ పెరటి షెడ్డుల్లో ఈ పని చేసుకుంటున్నారు.

ఇంత తెలివైన బండిని చూసి లోకం ఏమంది? ముసలివాళ్ల బండి, ఆడవాళ్ల బండి అని నవ్వింది. ముందుకెంత వేగమో వెనక్కీ అంతే వేగంతో పోగలదని వాటితో వెనకనడక పందేలు పెట్టి వినోదం చూసింది. 1975లో డాఫ్ కార్ల వ్యాపారం వోల్వో చేతిలోకి పోయింది. హుబ్ మాత్రం రబ్బరుకి బదులు ఉక్కు బెల్టు తయారుచేసే పనిలో పడ్డాడు. ఆయన 1979లో కన్నుమూశాడు. 1987లో జపాన్‌లో సుబారు జస్టీ కారు ఆ ఉక్కు బెల్టుతోనే అమ్మకానికొచ్చింది. ఇవాళ సి.వి.టి. అని గొప్పగా చెప్పుకునే కార్లు చాలావరకు ఆ తోవలోవే. ఇప్పుడు ఎవరూ నవ్వడంలేదు.

మన దేశానికి ఆ రబ్బరు బెల్టు 1984లో కైనెటిక్ హోండా స్కూటరులో వచ్చింది. గేర్లు లేవు, బటను నొక్కితే స్టార్టు. ఈసారి ఎవరినీ నేర్పమనకుండా కొనిపించుకున్నాను. కొన్నేళ్లకి బండి లాగడం మానేసింది. "బెల్టు అరిగిపోనాదమ్మా, మార్చీవాల" అన్నాడు మెకానిక్కు. నా ఎదుటే, మా అరుగుమీదే విప్పమన్నాను. మూత తియ్యగానే అదిగో, డమరుకం నడుమూ, బెల్టూ!

పక్కనే జాకెట్టు కుడుతున్న మా అత్తయ్యగారు కళ్లజోడు సవరించుకుని తొంగిచూశారు. ఆవిడ మిషను బెల్టు సాగినప్పుడల్లా ముక్క కోసి, కొక్కెం వేసి, తనే బిగించుకునే మనిషి.

"ఇంతేనటే? దీనికేనా మగవాళ్లు అంత హడావిడి చేసేది?" అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిణ్ణి వెనక కూచోపెట్టుకుని భీమిలి బయల్దేరాను. ఋషికొండ ఎత్తు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు దాటిందో గమనించనే లేదు.