పొయ్యి మీది తడిక నుంచి పాత డ్రమ్ము దాకా: పొగచేప చరిత్ర

1986 ఆగస్టు వరద నాటికి నాకు ఆరేళ్ళు. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిందని చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. ఊళ్ళోకి నీళ్ళొస్తున్నాయి, అందరూ గుట్ట ఎక్కుతున్నారు. ఎవరికి తోచింది వాళ్ళు పట్టుకున్నారు. మా అమ్మమ్మ మాత్రం పొయ్యి మీద వేలాడుతున్న వెదురు తడికని కిందికి దించి, దాని మీది నల్లటి చేపల్ని గంపలో పోసుకుని నెత్తిన పెట్టుకుంది. గుట్ట మీద వాన తగ్గలేదు, తడిసిన కట్టెలు అంటుకోలేదు. ఆ చేపల్నే ఆమె చేత్తో చీల్చి పిల్లలందరికీ తలా ఇంత పెట్టింది.

ఈ సంచికలో మన పండుగల గురించీ, డోలు పాటల గురించీ, పోరాటాల గురించీ రాసేవాళ్ళు ఉన్నారు. నేను ఆ గంపలోని చేప గురించి రాస్తాను. అది కూడా మన చరిత్రే.

ఎండ లేని కాలంలో చేప

సముద్రం ఒడ్డున చేపని ఎండబెట్టుకుంటారు. అక్కడ ఇసుక ఉంది, ఎండ ఉంది, ఉప్పుకి కరువు లేదు. కొండల్లో అలా కాదు. తొలకరి వానలకి వాగులు పారితే చేప ఏటికి ఎదురెక్కుతుంది. జెల్లలు, పరిగెలు, వాలుగలు బుట్టల్లోనూ వలల్లోనూ పడేది అప్పుడే. మబ్బు విడవని కాలం కూడా అదే. ఉప్పు సంతలో కొని మోసుకురావలసిన సరుకు. చేప ఉన్నప్పుడు ఎండ లేదు, ఎండ ఉన్నప్పుడు చేప లేదు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది పొయ్యి ఒక్కటే. అందుకే మనవాళ్ళు చేపని పొయ్యి మీదికి ఎక్కించారు.

చేప బరువులో 70 నుంచి 80 శాతం దాకా నీరే ఉంటుంది. ఆ నీరు ఉన్నంతకాలం కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకి పండగే. పొయ్యి మీది తడిక మూడు పనులు చేస్తుంది. వేడి చేపని ఉడికిస్తుంది. ఆ వేడే నీటిని లాగేస్తుంది. కట్టె పొగలో ఉండే ఫినాల్స్, ఆమ్లాలు పైన పట్టి, సూక్ష్మజీవుల్ని అడ్డుకుంటాయి, కొవ్వు కంపు కొట్టకుండా చూస్తాయి. అమ్మమ్మకి ఈ పేర్లేవీ తెలియవు. కానీ చేపని ఎంత ఎత్తులో పెట్టాలో, ఏ కట్టె వాడాలో, వెన్నుముల్లు దగ్గర నొక్కి చూసి ఎప్పుడు దించాలో తెలుసు. పురుగు పట్టకుండా వారానికోసారి మళ్ళీ పొగ చూపించాలనీ తెలుసు.

ఆ పొగే ఆమె కళ్ళలోకీ, ఊపిరితిత్తుల్లోకీ వెళ్ళింది. చివరి ఏళ్ళలో రాత్రంతా దగ్గేది. ఇంట్లో కట్టెలు, పిడకలు, కిరోసిన్ వంటి వాటితో వండే పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కాబట్టి పాతదంతా బంగారమని నేను మీకు చెప్పను. ఆ విద్యలో తిండి ఉంది, దగ్గూ ఉంది. తిండిని ఉంచుకుని దగ్గుని వదిలించుకోవడం ఎలా అన్నదే అసలు ప్రశ్న.

చోర్కోర్ ఆడవాళ్ళు

ఈ ప్రశ్న మన ఒక్కరికే ఎదురుకాలేదు. పడమటి ఆఫ్రికాలోని ఘనా దేశంలో సముద్రపు చేపని పొగబెట్టి అమ్మడం తరతరాలుగా ఆడవాళ్ళ పని. మొదట గుండ్రటి మట్టి పొయ్యిలు వాడేవారు. తర్వాత పాత ఇనుప డ్రమ్ముల్ని కోసి పొయ్యిలుగా చేసుకున్నారు.

ఆ డ్రమ్ముకి కూడా ఒక చరిత్ర ఉంది. సుమారు 200 లీటర్లు పట్టే ఉక్కు డ్రమ్ము మీద 1905లో అమెరికాలో పేటెంట్లు వచ్చాయి. 72 రోజుల్లో భూమిని చుట్టి వచ్చి పేరు తెచ్చుకున్న పాత్రికేయురాలు నెల్లీ బ్లై నడిపిన కంపెనీలోనే ఆ డ్రమ్ము రూపుదిద్దుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాలకి ఇంధనం మోసింది ఇలాంటి డ్రమ్ములే. నూనె అయిపోయాక మిగిలిన ఖాళీ డ్రమ్ము పేదవాడి ఇంటికి చేరి నీళ్ళ తొట్టి అయ్యింది, తలుపు రేకు అయ్యింది, పొయ్యి అయ్యింది.

కానీ డ్రమ్ము పొయ్యితో కష్టాలున్నాయి. ఒక విడతలో కొన్ని చేపలే పడతాయి. వేడి అన్ని వైపులా సమంగా అందదు కాబట్టి వాటిని మాటిమాటికీ తిప్పాలి, చేతులు కాలుతాయి. కట్టె ఎక్కువ తింటుంది. 1970కి అటూ ఇటూగా ఘనా ఆహార పరిశోధన సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి రాజధాని అక్రా పక్కనున్న చోర్కోర్ అనే మత్స్యకారుల పల్లెలో కొత్త పొయ్యిని తయారుచేశాయి. దాన్ని వాడబోయే ఆడవాళ్ళు ఆ పనిలో పాలుపంచుకున్నారు.

ఆ పొయ్యిలో పెద్ద యంత్రమేమీ లేదు. మట్టితోగానీ ఇటుకతోగానీ కట్టిన పొడవాటి పెట్టె, మధ్యలో ఒక అడ్డుగోడ, ముందు కట్టె పెట్టడానికి రెండు నోళ్ళు. పైన చెక్క చట్రానికి ఇనుప వల బిగించిన ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చుతారు. పదిహేను దాకా పేర్చవచ్చు. ఆ ట్రేల దొంతరే పొగ గొట్టంలా పనిచేస్తుంది. చేపల్ని ఒక్కొక్కటిగా తిప్పక్కర్లేదు, ట్రేల వరస మారిస్తే చాలు. కట్టె ఆదా అయ్యింది, చేపకి మంచి ధర వచ్చింది. ఆ పల్లె పేరే పొయ్యికి పేరై, ఆఫ్రికాలో ఎన్నో దేశాలకి పాకింది.

అక్కడితో కథ ఆగలేదు. చేప కొవ్వు నిప్పుల మీద పడి మండితే వచ్చే పొగలో క్యాన్సర్ కలిగించే పదార్థాలు ఉంటాయని తేలింది. 2008 తర్వాత సెనెగల్ దేశంలోని థియారోయ్ శిక్షణ కేంద్రంలో చోర్కోర్ పొయ్యికే కొన్ని భాగాలు జోడించారు. కొవ్వు నిప్పులో పడకుండా పట్టే పళ్ళెం వాటిలో ఒకటి. పొగని విడిగా పుట్టించి చేప దగ్గరికి పంపే ఏర్పాటు ఇంకొకటి. పాత పొయ్యిని పారేయలేదు, తప్పుని మాత్రం తీసేశారు.

మా పెరట్లో చేసిన పొయ్యి

ఇదంతా చదివాక ఊరుకోలేకపోయాను. సెలవులకి ఇంటికి వెళ్ళని పిల్లలు నలుగురు, మా వంటక్క, నేను కలిసి క్వార్టర్సు వెనుక పొయ్యి కట్టాం. కొత్తగా ఏమీ కొనలేదు. అడుగు తుప్పు పట్టిపోయిన నీళ్ళ డ్రమ్ము, స్లాబు పనిలో మిగిలిన ఇనుప ఊచలు, విరిగిన పెంకులు, రెండు వెదురు తడికలు, పాత స్టీలు కంచం, ఒక గోనె సంచి. రోడ్డు పక్కన తారు డ్రమ్ము కూడా దొరికింది గానీ వంటక్క వాసన చూసి వద్దంది. ఆమె మాట నిజం. తారు, పురుగుమందు, రంగు ఉన్న డ్రమ్ముల్ని తిండి దగ్గరికి రానివ్వకూడదు. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్డు కూడా కాల్చకూడదు.

నేల మీద గుంట తవ్వి నిప్పు పెట్టాం. అక్కడి నుంచి డ్రమ్ము అడుగుదాకా నాలుగడుగుల కాలువ తవ్వి, పెంకులు పరిచి మట్టి మెత్తాం. చేపలకి ఉప్పూ పసుపూ రాసి, నీరు కారాక ఊచల మీద తడిక వేసి పేర్చాం. కొవ్వు పట్టడానికి కింద కంచం పెట్టాం.

మొదటిసారి ఓడిపోయాం. కాలువ సమంగా ఉండడంతో పొగ వెనక్కి తిరిగి మా మొహాల మీదికే వచ్చింది. డ్రమ్ములోకి చేరిన పొగ గోరువెచ్చగా ఉంది. సాయంత్రానికి చేపకి రంగు పట్టింది, కానీ లోపల పచ్చిగా ఉండి వాసన మొదలైంది. ఐదు కిలోల జెల్లలు పాతిపెట్టేశాం. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది. గోరువెచ్చని పొగ పచ్చి పొయ్యి కన్నా ప్రమాదమని అప్పుడే అర్థమైంది.

అప్పటిదాకా మాట్లాడని వంటక్క, "నిప్పు కిందికి పోవాలి మేడం, పొగ పైకెక్కాలి. కొండ మీద మా ఇల్లు అట్లాగే కట్టుకుంటాం" అంది. గుంటని ఇంకో అడుగు లోతు చేశాం. కాలువని రెండడుగులకి తగ్గించి డ్రమ్ము వైపు ఏటవాలుగా ఎత్తాం. మామిడి కట్టెతో మొదట బాగా వేడి పెట్టి, మాంసం ముల్లు నుంచి విడిపోయేదాకా ఉడకనిచ్చి, తర్వాత తడి గోనె కప్పి సన్నని పొగ మీద రాత్రంతా ఉంచాం. తెల్లారేసరికి చేప బంగారు రంగుకి తిరిగి గట్టిపడింది. పక్కన కూర్చున్న మాలో ఎవరికీ కళ్ళు మండలేదు.

నేను పుస్తకాల్లో వెతికిన జవాబు మా వంటింట్లోనే ఉంది. నేను ముందే అడగలేదు, అంతే.

మీకో పని

2022 జూలైలో గోదావరి మళ్ళీ భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది. ఊళ్ళు మునిగాయి, కరెంటు పోయింది. ఫ్రిజ్జులో పెట్టుకున్న తిండి ఎవరికీ అక్కరకు రాలేదు. పోలవరం ముంపు పల్లెల నుంచి కాలనీలకి మారిన ఇళ్ళలో స్లాబు ఉంది, గ్యాసు ఉంది. అవి మంచివే. కానీ పొయ్యి పోవడంతో తడిక కూడా పోయింది. తడిక గురించి తెలిసినవాళ్ళు వృద్ధులయ్యారు. చోర్కోర్ ఆడవాళ్ళ తెలివి కాగితం మీదికి ఎక్కింది కాబట్టి నేను చదవగలిగాను. మన ముసలమ్మల తెలివి ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు ఫోనులో ఆటలు కాసేపు ఆపి, మీ నానమ్మనో అమ్మమ్మనో అడగండి. ఏ చేపని పొగబెట్టేవారు, ఏ కట్టె వాడేవారు, ఏ కట్టె వద్దనేవారు, తడిక పొయ్యికి ఎన్ని జానల ఎత్తులో ఉండేది, ఎన్నాళ్ళు నిలవ ఉండేది. మన భాషలో ఆమె ఏ మాట వాడితే ఆ మాటే రాసుకోండి. తేదీ వేయండి, ఊరి పేరు రాయండి. ఆ కాగితాలు నాకు తెచ్చివ్వండి. పొయ్యి కట్టడానికి డ్రమ్ము మన పెరట్లో సిద్ధంగా ఉంది.